జీడీఎస్ తెరిస్తే లేయర్ల పేర్లు లేవు, నంబర్లే ఉన్నాయి. ఏం చేయాలి?

ప్రశ్న: గుంటూరు దగ్గర ఒక ఇంజినీరింగ్ కాలేజీలో ఈసీఈ ఫైనలియర్ చదువుతున్నాను. నలుగురం కలిసి స్కై130 అనే ఓపెన్ చిప్ తయారీ ప్రాసెస్ మీద చిన్న డిజిటల్ బ్లాక్ ప్రాజెక్టుగా చేస్తున్నాం. ఓపెన్‌లేన్ అనే టూల్ తయారు చేసి ఇచ్చిన జీడీఎస్ ఫైల్‌ని, అంటే చిప్ లేఅవుట్ ఫైల్‌ని, నా ల్యాప్‌టాప్‌లో కేలేఅవుట్ అనే లేఅవుట్ టూల్‌తో తెరిస్తే లేయర్ల పేర్లు ఒక్కటీ లేవు. 67/20, 68/44 లాంటి నంబర్లు, వాటికి ఏవో రంగులు కనిపిస్తున్నాయి. ఓపిగ్గా కూర్చుని ఒక్కోదానికి పేరు పెట్టాను, రంగు మార్చాను, ఫైల్ సేవ్ చేశాను. మర్నాడు తెరిస్తే మళ్ళీ మొదటికొచ్చింది. స్లాష్ తర్వాత ఉన్న నంబర్లన్నీ సున్నా చేసేస్తే లిస్టు చిన్నదైపోతుందని మా టీమ్‌లో ఒకతను అంటున్నాడు. ఇంకొకతనికి ఎరుపు, ఆకుపచ్చ తేడా సరిగ్గా తెలియదు, నా రంగులతో అతను ఇబ్బంది పడుతున్నాడు. కాలేజీ లోగోని డీఎక్స్‌ఎఫ్ అనే క్యాడ్ డ్రాయింగ్ ఫైల్‌గా తెచ్చి చిప్ మీద పెడదామంటే దాని లేయర్‌కి అసలు నంబరే లేదు. రివ్యూ దగ్గర పడింది, టెన్షన్‌గా ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలి?

సమాధానం: ముందుగా ఒక్కటి చెప్పాలమ్మా. స్లాష్ తర్వాతి నంబర్లను సున్నా చేయాలన్న ఆలోచన ఉంటే ఈ రోజే మానేయండి. మిగతావన్నీ తీరిగ్గా సరిచేసుకోవచ్చు. ఇది ఒక్కసారి చేసి సేవ్ చేశారంటే ఆ ఫైల్‌ని బాగు చేయడం దాదాపు కుదరదు.

ఎందుకో స్కై130 నంబర్లు చూస్తే తెలుస్తుంది. మెట్1, అంటే మొదటి లోహపు పొర, 68/20. మెట్1ని దాని పైనున్న మెట్2కి కలిపే వయా 68/44. మెట్1 పిన్ 68/16, లేబుల్ 68/5. నాలుగింటిలోనూ స్లాష్‌కి ముందున్నది 68 అనే లేయర్ నంబరే. వీటిని వేరుగా ఉంచేది స్లాష్ తర్వాత ఉన్న డేటాటైప్. ట్రాన్సిస్టర్ గేట్లు ఉండే పాలీ పొర 66/20 అయితే దాని మీద పడే కాంటాక్ట్, అంటే లైకాన్, 66/44. లోకల్ ఇంటర్‌కనెక్ట్ 67/20, దాని మీది కాంటాక్ట్, అంటే ఎంకాన్, 67/44. డిఫ్యూజన్ 65/20, ట్యాప్ 65/44. డేటాటైప్ అంతా సున్నా చేస్తే లోహం, వయా, పిన్ అన్నీ కలిసి 68/0 అయిపోతాయి. కలిసిపోయాక ఏ చతురస్రం వయానో, ఏది లోహం ముక్కో ఆ ఫైల్ చెప్పలేదు.

ఇంకో ప్రమాదం కూడా ఉంది, నాకు దీని గురించే ఎక్కువ భయం. ఆ ఫైల్ మీద డీఆర్‌సీ, అంటే డిజైన్ రూల్ చెక్, నడిపితే ఎర్రర్లు కుప్పలుగా వస్తాయని అనుకుంటారు. అసలేమీ రాకపోవచ్చు. ఆ రూల్స్ రాసి ఉన్న ఫైల్, అంటే రూల్ డెక్, మెట్1 కోసం 68/20 లోనే వెతుకుతుంది. అక్కడ ఒక్క ఆకారం కూడా లేకపోతే, చెక్ చేయడానికి ఏమీ లేదు కాబట్టి తప్పులు సున్నా అని చెప్పి ఊరుకుంటుంది. మీరేమో క్లీన్ అని సంతోషిస్తారు.

ఇక పేర్లు ఎందుకు పోతున్నాయన్న సంగతి. అవి పోవడం లేదు, ఆ ఫైల్‌లోకి అసలు ఎక్కడమే లేదు. జీడీఎస్ 1970లలో అమెరికాలోని కాల్మా అనే కంపెనీ నుంచి వచ్చిన ఫార్మాట్. డిజైన్లను మాగ్నెటిక్ టేపుల మీద పంపుకునే రోజులవి. అందులో ప్రతి ఆకారానికీ రెండు బైట్ల లేయర్ నంబరు, రెండు బైట్ల డేటాటైప్, మూలల కోఆర్డినేట్లు ఉంటాయి. లేయర్ పేరు రాసుకోవడానికి చోటు లేదు. రంగుకి అసలే లేదు. సెల్ పేర్లుంటాయి, వీపీడబ్ల్యూఆర్ (పవర్ లైన్ పేరు) లాంటి టెక్స్ట్ లేబుళ్ళుంటాయి. కానీ 68/20 అంటే మెట్1 అని మాత్రం ఎక్కడా ఉండదు. కవరు మీద ఊరి పేరు రాయకుండా పిన్‌కోడ్ ఒక్కటే రాసినట్టన్నమాట. ఆ కోడ్ ఏ ఊరిదో చెప్పే పట్టిక వేరే చోట ఉంటుంది. మన విషయంలో ఆ పట్టిక ఉండేది పీడీకేలో, అంటే చిప్ తయారు చేసే ఫౌండ్రీ ప్రాసెస్‌కి సంబంధించిన డిజైన్ కిట్‌లో. పైగా ఒక్కో ఫౌండ్రీది ఒక్కో పట్టిక. గ్లోబల్‌ఫౌండ్రీస్ 180 ఓపెన్ పీడీకేలో మెటల్1 34/0. ఐహెచ్‌పీ వాళ్ళ ఎస్‌జీ13జీ2లో మెటల్1 8/0. నంబరు చూసి ఇది ఫలానా లేయర్ అనాలంటే ముందు ఏ ప్రాసెసో తెలియాలి.

మీరు పెట్టిన పేర్లు మర్నాటికి లేకపోవడానికి కారణం ఇదే. కేలేఅవుట్‌లో పేరు మార్చడం రెండు చోట్ల జరుగుతుంది, కొత్తవాళ్ళు ఎక్కువగా తికమకపడేది ఇక్కడే. కుడివైపు లేయర్ ప్యానెల్లో రైట్ క్లిక్ చేసి రీనేమ్ చేస్తే మారేది చూపు మాత్రమే, డిజైన్‌ని అది తాకదు. ఎడిట్ మెనూలో లేయర్ కింద ఎడిట్ లేయర్ స్పెసిఫికేషన్ అని ఇంకొకటి ఉంది. అది డేటానే మారుస్తుంది, 68/20ని 68/0గా చేసేది ఇదే. మొదటిది ఎన్నిసార్లు చేసినా నష్టం లేదు. రెండోది ఈ ప్రాజెక్టులో మీకు లోగో దగ్గర తప్ప అక్కర్లేదు, అక్కడ కూడా తప్పించుకునే దారి ఉంది, చివర్లో చెబుతాను.

చూపుకి సంబంధించినవన్నీ, అంటే పేరు, రంగు, గీతల నమూనా, కనబడాలా వద్దా అన్నదీ, .ఎల్‌వైపీ అనే వేరే ఫైల్‌లో ఉంటాయి. స్కై130కి దాన్ని మీరు తయారు చేయక్కర్లేదు. ఓపెన్‌లేన్ కోసం పీడీకే ఎలాగూ దించుకుని ఉంటారు. స్కై130ఏ ఫోల్డర్‌లో లిబ్స్.టెక్ కింద కేలేఅవుట్ అనే ఫోల్డర్ ఉంటుంది, అందులో వెతికితే స్కై130ఏ.ఎల్‌వైపీ దొరుకుతుంది. జీడీఎస్ తెరిచి, ఫైల్ మెనూలో లోడ్ లేయర్ ప్రాపర్టీస్ నొక్కి ఆ ఫైల్ ఇవ్వండి. పేర్లు, రంగులు అన్నీ ఒక్కసారిగా వచ్చేస్తాయి. రోజూ ఇదంతా ఎందుకనుకుంటే టూల్స్ మెనూలోని మేనేజ్ టెక్నాలజీస్‌లో అదే ఫోల్డర్‌లో ఉన్న .ఎల్‌వైటీ ఫైల్‌ని ఇంపోర్ట్ చేసుకుని, ఫైల్ తెరిచేటప్పుడు ఆ టెక్నాలజీని ఎంచుకోండి. టెర్మినల్ నుంచి తెరిచే అలవాటుంటే మైనస్ ఎల్ అని కొట్టి ఎల్‌వైపీ పేరు, తర్వాత జీడీఎస్ పేరు ఇస్తే చాలు.

ఆ ఎల్‌వైపీని ఒకసారి మామూలు టెక్స్ట్ ఎడిటర్‌లో తెరిచి చూడండి. అది ఎక్స్‌ఎంఎల్. ఒక్కో లేయర్‌కి ఒక ముక్క ఉంటుంది. అందులో అంచు రంగు, లోపలి రంగు, నింపే నమూనా, కనబడాలా లేదా, పేరు, చివర్లో సోర్స్ అనే వరుస. ఆ సోర్స్‌లో 68/20@1 అని ఉంటుంది. 68/20 ఏ లేయరో చెబుతుంది. @1 అంటే ఆ విండోలో తెరిచిన మొదటి లేఅవుట్ అని అర్థం. ఒకే విండోలో రెండు జీడీఎస్‌లు తెరిచినప్పుడు రెండోదానికి రంగులు రాకపోతే ఇక్కడే చూడాలి. పేరుకీ నంబరుకీ మధ్య ఉన్న లంకె అంతా ఈ ఒక్క వరుసే. అది కళ్ళారా చూస్తే సగం టెన్షన్ పోతుంది.

ఒక జాగ్రత్త ఉంది. ఎల్‌వైపీలో లేని లేయర్ ప్యానెల్లో కనిపించదు, తెర మీద గీయబడదు, కానీ ఫైల్‌లో మాత్రం ఉంటుంది. మీ ఫ్రెండ్ ఇచ్చిన బ్లాక్‌లో పొరపాటున ఏదో వేరే నంబరులో గీసిన ఆకారాలుంటే ఎల్‌వైపీ లోడ్ చేయగానే అవి మాయమైనట్టు అనిపిస్తుంది, టేపౌట్‌కి, అంటే తయారీకి పంపే ఫైల్‌లోకి, మాత్రం వెళ్తాయి. అందుకని లోడ్ చేశాక ప్యానెల్ మీద రైట్ క్లిక్ చేసి మిగతా లేయర్లను కూడా చేర్చే ఆప్షన్‌ని తప్పకుండా వాడండి. టెక్నాలజీ సెటింగ్స్‌లోనూ అదే పని చేసే టిక్ ఉంది. పేరు లేకుండా ఒట్టి నంబరుతో ఏదైనా లిస్టు అడుగున చేరితే అదేంటో తేలేదాకా వదలొద్దు. మ్యాజిక్ అనే ఇంకో లేఅవుట్ టూల్ వాడేవాళ్ళకి ఇదే సంగతి ఇంకోలా ఎదురవుతుంది. దాని టెక్ ఫైల్‌కి తెలియని లేయర్ వస్తే తెలియని లేయర్/డేటాటైప్ అని నంబర్లతో సహా మెసేజ్ ఇస్తుంది. స్క్రోల్ అయిపోయిందని ఊరుకోకుండా ఆ నంబర్లు రాసిపెట్టుకోండి.

పేర్లు వచ్చాయి సరే, అవి సరైన పేర్లేనా? వేరే ప్రాసెస్ ఎల్‌వైపీ లోడ్ చేసినా కొన్ని నంబర్లు కుదిరి కొన్ని పేర్లు వచ్చేస్తాయి. అందుకే ఒక్క ఇన్వర్టర్‌ని పట్టుకుని చూడమంటాను. మీ బ్లాక్‌లో వాడిన హెచ్‌డీ స్టాండర్డ్ సెల్ లైబ్రరీలో ఇన్వ్_1 అనే సెల్ ఉంటుంది. సెల్ లిస్టులో దాన్ని వెతికి అదొక్కటే తెరవండి. ఎత్తు 2.72 మైక్రాన్లు, వెడల్పు 1.38. మొదట అన్నీ ఆఫ్ చేసి పాలీ ఒక్కటే ఆన్ చేయండి. నిలువుగా ఒక పట్టీ వస్తుంది, గేట్ దగ్గర రూలర్ పెడితే 0.15 చూపించాలి. డిఫ్యూజన్ ఆన్ చేస్తే ఆ పట్టీ కిందుగా రెండు దీర్ఘచతురస్రాలు, పైది పీమాస్, కిందది ఎన్‌మాస్. ఎన్‌వెల్ 64/20 ఆన్ చేస్తే పైభాగాన్ని మాత్రమే కప్పాలి. లైకాన్ ఆన్ చేస్తే 0.17 చతురస్రాలు. మెట్1 ఆన్ చేస్తే పైన ఒకటి, కింద ఒకటి అడ్డంగా రెండు పట్టీలు, ఒక్కోదాని వెడల్పు 0.48. పైది వీపీడబ్ల్యూఆర్, కిందది వీజీఎన్‌డీ, అంటే గ్రౌండ్. ఇవన్నీ ఇలాగే కుదిరితే మీ పట్టిక నిజమైనదే. పాలీ అని పేరున్న లేయర్ ఆన్ చేస్తే చుక్కలు చుక్కలుగా కాంటాక్టులు కనబడితే ఎక్కడో తేడా కొట్టింది. ఈ చెక్‌కి పది నిమిషాలు కూడా పట్టదు, పైగా క్లాసులో గీసిన ఇన్వర్టర్ నిజంగా ఎలా ఉంటుందో దీంతో తెలిసినంతగా ఇంకెందులోనూ తెలియదు.

మీరు ఇప్పటికే ఏదో మార్చి సేవ్ చేశారేమోనని అనుమానంగా ఉంటే భయపడొద్దు. ఓపెన్‌లేన్ రన్ ఫోల్డర్‌లో అసలు జీడీఎస్ అలాగే ఉంటుంది. దాన్నీ మీ ఫైల్‌నీ ఒకే విండోలో తెరిచి టూల్స్ మెనూలోని ఎక్సార్ టూల్ నడపండి. అది లేయర్, డేటాటైప్ జతల వారీగా రెండింటినీ పోల్చి తేడాలు చూపిస్తుంది. ఏమీ రాకపోతే మీరు మార్చింది చూపు మాత్రమే. ఏదైనా వస్తే మీ ఫైల్ పక్కన పెట్టి అసలుది తీసుకోండి, రిపేర్ చేయాలని కూర్చోవద్దు.

ఇప్పుడు రంగుల సంగతి, మీ టీమ్‌మేట్ ఇబ్బంది. దీన్ని చిన్న విషయంగా తీసిపారేయొద్దు. వీఎల్‌ఎస్‌ఐ పేపర్‌లో మనందరం స్టిక్ డయాగ్రమ్‌లు గీసినవాళ్ళమే. డిఫ్యూజన్ ఆకుపచ్చ, పాలీ ఎరుపు, మెటల్ నీలం, కాంటాక్ట్ నలుపు. 1980లో వచ్చిన మీడ్, కాన్వే పాఠ్యపుస్తకంతో పాతుకుపోయిన పద్ధతి అది. ఎర్ర గీత ఆకుపచ్చ గీతని దాటిన చోట ట్రాన్సిస్టర్. అంటే లేఅవుట్‌లో అన్నిటికంటే ముఖ్యమైన చోటే అతనికి రెండు రంగులూ ఒకేలా కనిపిస్తాయి. అతను తప్పులు పట్టుకోలేకపోతే అది అతని శ్రద్ధ లోపం అనుకోవద్దు.

దీనికి రంగులు మార్చడం ఒక్కటే చాలదు, నమూనా కూడా మారాలి. పీడీకే ఎల్‌వైపీకి ఒక కాపీ తీసి, దానికి మీ టీమ్ పేరు పెట్టి, ఆ కాపీలోనే మార్పులు చేయండి. అసలుది తాకొద్దు. పేర్లూ సోర్స్ వరుసలూ అలాగే ఉంచి రంగు, నమూనా మాత్రమే మార్చాలి. నేనైతే డిఫ్యూజన్‌కి లేత రంగు ఇచ్చి పలచటి చుక్కల నమూనా పెడతాను, పాలీకి ముదురు రంగు, ఒత్తుగా ఏటవాలు గీతలు. లోహాలకి మెట్1, మెట్3, మెట్5 ఒకవైపు వాలిన గీతలు, మెట్2, మెట్4 రెండోవైపు వాలినవి. స్కై130లో రౌటింగ్ కూడా సాధారణంగా బేసి లోహాలు అడ్డంగా, సరి లోహాలు నిలువుగా పోతాయి కాబట్టి ఆ వాలు చూడగానే దిక్కు కూడా గుర్తొస్తుంది. వయాలకి నిండు రంగు. ఎన్‌వెల్‌కి లోపల ఏమీ నింపకుండా అంచు మాత్రమే చాలు, లేకపోతే సగం తెర దానితోనే నిండిపోతుంది. ఎన్‌ఎస్‌డీఎం 93/44, పీఎస్‌డీఎం 94/20 లాంటి ఇంప్లాంట్లు రోజువారీ చూపులో ఆఫ్ చేసి ఉంచొచ్చు.

అంతా అయ్యాక ఇన్వర్టర్ స్క్రీన్‌షాట్ తీసి దాన్ని నలుపు తెలుపు చేసి చూడండి. గేట్ ఎక్కడుందో అప్పుడు కూడా స్పష్టంగా తెలిస్తే మీ టీమ్‌మేట్‌కీ తెలుస్తుంది. అయినా అతన్నే పక్కన కూర్చోబెట్టుకుని ఎంచుకోండి, మనం ఊహించి పెట్టినదానికంటే అదే బాగా కుదురుతుంది. ఇందులో మీకూ లాభం ఉంది. రివ్యూకి ప్రింట్ తీసేది ఎక్కువసార్లు బ్లాక్ అండ్ వైట్‌లోనే. నల్ల తెర మీద మెరిసిపోయే పసుపు తెల్ల కాగితం మీద కనబడకుండా పోతుంది. ప్రింట్ కోసం తెర వెనక రంగు తెలుపు చేసుకుని ఒకసారి సరిచూసుకోండి.

ఈ ఎల్‌వైపీని జీడీఎస్‌తో పాటు ఒకే ఫోల్డర్‌లో పెట్టి నలుగురూ అదే వాడండి. వాట్సాప్‌లో జీడీఎస్ ఒక్కటే పంపుకుంటే మళ్ళీ మొదటికొస్తుంది. పేర్లు కూడా ఫైల్‌తోనే పోవాలంటే ఓయాసిస్ ఫార్మాట్ ఉంది, అందులో లేయర్ పేర్లు రాసుకునే చోటు ఉంది. కానీ రంగులు అందులోనూ ఉండవు. చివరికి అవతలివాళ్ళు జీడీఎస్ అడిగితే ఎలాగూ జీడీఎస్సే ఇవ్వాలి.

రేపు ఉద్యోగంలో చేరాక కంపెనీల్లో వాడే వర్చువోసో అనే లేఅవుట్ టూల్ చూస్తారు. అక్కడ జీడీఎస్ లోపలికి తేవాలంటే లేయర్ మ్యాప్ ఫైల్ ఇవ్వాలి. ఒక్కో వరుసలో నాలుగు గళ్ళు: లేయర్ పేరు, పర్పస్, నంబరు, డేటాటైప్. మెట్1 డ్రాయింగ్ 68 20 అని ఒక వరుస, మెట్1 పిన్ 68 16 అని ఇంకొకటి. రంగులు డిస్‌ప్లే.డీఆర్‌ఎఫ్ అనే వేరే ఫైల్‌లో. అంటే ఇక్కడ కూడా డేటా ఒక చోట, చూపు ఒక చోట. మ్యాప్‌లో పిన్, లేబుల్ వరుసలు మర్చిపోతే లోహాలన్నీ సరిగ్గానే వస్తాయి, పోర్టుల పేర్లు మాత్రం రావు. అప్పుడు లేఅవుట్‌ని సర్క్యూట్‌తో పోల్చే ఎల్‌వీఎస్‌లో పిన్నులు కుదరక రోజంతా నెట్‌లిస్ట్‌లో వెతుకుతారు. ఇప్పుడే గుర్తుపెట్టుకుంటే ఆ రోజు మిగులుతుంది.

చివరగా మీ లోగో. డీఎక్స్‌ఎఫ్ జీడీఎస్‌కి సరిగ్గా తలకిందులు: అక్కడ లేయర్లకి పేర్లే ఉంటాయి, జీడీఎస్ నంబర్లుండవు. కేలేఅవుట్‌లో ఫైల్ తెరవకముందే రీడర్ ఆప్షన్స్‌లో డీఎక్స్‌ఎఫ్ ట్యాబ్‌కి వెళ్ళి లేయర్ మ్యాపింగ్‌లో పేరు, కోలన్, నంబరు రాయాలి. డ్రాయింగ్‌లో లేయర్ పేరు లోగో అయితే లోగో : 72/20 అని. 72/20 మెట్5. ఇలా చేస్తే లోగో తెరుచుకోగానే సరైన నంబరులో ఉంటుంది, తర్వాత స్పెసిఫికేషన్ మార్చే పని పడదు. నంబరు ఇవ్వకుండా వదిలేసి సేవ్ చేసేటప్పుడు టూల్ ఏదో ఒకటి ఇచ్చుకుంటుందిలే అనుకోవద్దు. అదే ట్యాబ్‌లో యూనిట్ కూడా చూడండి, లేకపోతే లోగో చిప్ కంటే పెద్దదిగానో, కంటికి కనబడనంత చిన్నదిగానో వస్తుంది. అంచు గీతలు మాత్రమే వచ్చి లోపల ఖాళీగా ఉంటే, మూసుకున్న గీతలని పాలిగాన్లుగా మార్చే ఆప్షన్ ఆ పక్కనే ఉంది.

లోగో విషయంలో మ్యాపింగ్ కంటే డీఆర్‌సీ కష్టపెడుతుంది. మెట్5 కనీస వెడల్పు 1.6 మైక్రాన్లు, రెండు ఆకారాల మధ్య ఎడం కూడా 1.6. వంపులున్న అక్షరాలు తెస్తే మూలలు 5 నానోమీటర్ల గ్రిడ్ మీద పడక, కోణాలు 45 డిగ్రీల లెక్కకి రాక ఎర్రర్లు వరస కడతాయి. వంపులు సరిచేస్తూ కూర్చోకుండా లోగోని 2 మైక్రాన్ల గళ్ళ బొమ్మగా మార్చి మళ్ళీ గీయించండి. మూలలు మాత్రమే తగులుకునే రెండు గళ్ళుంటే పక్కన ఒక గడి చేర్చి కలిపేయండి. ఇక పెట్టే చోటు: ఓపెన్‌లేన్ పవర్ పట్టీలు మెట్4, మెట్5 లోనే పోతాయి. లోగో వాటిలో పవర్ పట్టీనీ గ్రౌండ్ పట్టీనీ రెండింటినీ తాకిందంటే షార్ట్ అయినట్టే. 72/20 ఒక్కటే ఆన్ చేసి ఖాళీ ఎక్కడుందో చూసుకుని అక్కడ పెట్టండి, పెట్టాక డీఆర్‌సీతో పాటు ఎల్‌వీఎస్ కూడా మళ్ళీ నడపండి. ఖాళీ చాలకపోతే రివ్యూ అయ్యేదాకా లోగోని ఆపండి, బ్లాక్ ముఖ్యం.